వెదకిన రైతుకు మన మాట దొరకుచున్నదా?

శాఖవారి సలహాపత్రములు ఇప్పుడు చాలవరకు కాగితముమీద కంటె సెల్‌ఫోనులోనే రైతుకు చేరుచున్నవి. ఇది మంచిదే. కట్టలు విప్పని కరపత్రములు కార్యాలయపు బీరువాలలో చెదలకు ఆహారమైన సంగతి నాబోటివారికి తెలియనిది కాదు. అయితే బీరువా మారినదే కాని చెదలు పోలేదని నాకు కొంతకాలముగా అనిపించుచున్నది. వ్యవసాయాధికారిగా ఉద్యోగము చేయుచు, మరెవ్వరును ముందుకు రానందున 2014 మొదలు ఏడేండ్లపాటు మా కార్యాలయపు వెబ్‌సైటు పని కూడ నేనే చూచితిని. ఆ పని నాకెవ్వరును పాఠముగా చెప్పలేదు. కంప్యూటరు చదివి వెబ్‌సైట్లు కట్టు ఉద్యోగము చేయుచున్న మా అన్నగారి అమ్మాయిని అడిగి, చెడగొట్టి, మరల బాగుచేసి నేర్చుకొన్నదే. కావున ఇచ్చట చెప్పబోవు తప్పులలో హెచ్చుభాగము నా చేతిమీదుగా జరిగినవే.

మొదట ఒక సంగతి మనవి చేసెదను. కత్తెర పురుగు అమెరికా ఖండములకు చెందినది. 2016లో ఆఫ్రికాలో కనుపించి, 2018లో కర్ణాటకలో మన దేశమున మొదటిసారిగా గుర్తింపబడి, ఆ యేడే తెలుగు జిల్లాల మొక్కజొన్న చేలకు కూడ ప్రాకినది. రైతులకు ఇది పూర్తిగా క్రొత్త శత్రువు. 2019 ఖరీఫులో ఒక రైతు నా కార్యాలయమునకు వచ్చి, చేతిలోని సీసాను బల్లమీద పెట్టినాడు. ఆకుసుడిలో పురుగు కనుపించిన నాడే అతడు ఫోనులో తెలుగులోనే ‘మొక్కజొన్న కత్తెర పురుగు మందు’ అని కొట్టి వెదకినాడట.

“సార్, మీ శాఖవాళ్ళది ఒక్కటి గూడ రాలేదు. వీడియోలు మాత్రం మస్తుగ వచ్చినయి. మొదటిదాంట్ల చెప్పిన మందే తెచ్చిన. నాలుగు రోజులాయె, పురుగు అట్లనే ఉన్నది” అన్నాడు.

సీసా త్రిప్పి చూచితిని. అది పురుగుమందే కాదు. పైరు పచ్చబడునని చెప్పి అమ్ము ఒక టానిక్కు. వీడియో చేసినవాడు దానిని అమ్ముకొనువాడే.

నాకు సిగ్గు వేసినది. ఎందుకనగా ఆ పురుగును గూర్చిన రెండు పుటల సలహాపత్రమును అప్పటికి రెండు నెలల క్రిందటనే మా సైటులో ఎక్కించియుంటిని. పురుగు తలమీద తిరగవేసిన ఇంగ్లీషు వై అక్షరమువంటి గుర్తు, తోకకు సమీపమున ఒక కణుపుమీద చదరముగా నాలుగు నల్లని చుక్కలు ఉండునని అందులో ఉన్నది. గ్రుడ్ల సముదాయములను ఏరి నాశనము చేయవలెననియు, పురుగు సుడి లోపల దాగియుండును గనుక మందు సుడిలో పడునట్లు కొట్టవలెననియు ఉన్నది. పత్రములో లోపము లేదు. లోపమంతయు నేను దానిని ఎక్కించిన తీరులో నున్నది. సంతకము, కార్యాలయపు ముద్ర పడిన కాగితమును స్కాను చేసి, ఆ ఫొటోను పీడీఎఫ్‌గా కట్టి పెట్టితిని. ఫైలుకు పేరు కూడ పెట్టలేదు. స్కానరు వేసిన అంకెలే దాని పేరు.

ఆ సాయంత్రము మా అన్నగారి అమ్మాయికి ఫోను చేసి, ఉన్నది కనబడకపోవుట ఏమని అడిగితిని. “బాబాయ్, నువ్వు పెట్టింది ఉత్తరం ఫొటో. అందులో అక్షరాలున్నట్టు మనకు తెలుస్తుంది. వెదికే యంత్రానికి మాత్రం నీ కాగితం ఫొటో ఒకటే, గోడ ఫొటో ఒకటే” అన్నది.

బొమ్మలోని అక్షరములను చదువగల యంత్రములు ఇప్పుడు వచ్చియున్నవి. తెలుగును కూడ కొంతవరకు చదువుచున్నవి. కాని వంకరగా స్కాను చేసిన కాగితము, అక్షరములమీద పడిన ఊదారంగు ముద్ర, ఒకదాని క్రింద ఒకటి వ్రేలాడు మన వత్తులు, వీనినన్నిటిని దాటి అది ‘కత్తెర’ను ‘కత్తెర’గానే చదువునని నమ్ముకొని కూర్చుండరాదు. పైగా చూపు తగ్గిన రైతు అక్షరములను పెద్దవి చేసికొని చదువుటకు గాని, చదువురానివాడు ఫోనుచేతనే చదివించుకొని వినుటకు గాని ఫొటోలో వీలు లేదు. పొరుగు రైతుకు ఒక్క వాక్యము తీసి పంపుదమన్నను వీలు లేదు.

అధికారులకు ఈ ఫొటోల అలవాటు ఎట్లు పట్టినదో కూడ చెప్పుట న్యాయము. కేవలము సోమరితనమువలన వచ్చినది కాదు. వరల్డ్ వైడ్ వెబ్ అను ఏర్పాటును టిమ్ బెర్నర్స్-లీ అను ఆంగ్లేయుడు సెర్న్ పరిశోధనాలయములో పనిచేయుచు 1989లో ప్రతిపాదించినాడు. ఎవరైనను రుసుము చెల్లించకుండ దానిని వాడుకొనవచ్చునని ఆ సంస్థ 1993లో ప్రకటించినది. మన దేశమున ప్రజలకు ఇంటర్నెట్టు 1995 ఆగస్టు 15న అందినది. ఆనాటి యంత్రములకు తెలుగు తెలియదు. అందుచేత మనవారు ఒక ఉపాయము పన్నినారు. ఇంగ్లీషు అక్షరములుండు స్థానములలోనే తెలుగు ముక్కల బొమ్మలు పెట్టి ఫాంట్లు తయారు చేసినారు. అనగా యంత్రము లోపల ఉండునది ఇంగ్లీషు అక్షరమే. పైన తొడిగిన వేషము తెలుగు. ఒక్కొక్క పత్రికది ఒక్కొక్క వేషము, ఒక్కొక్క డీటీపీ కేంద్రమువారిది ఇంకొకటి. ఒకరి ఫాంటు మరియొకరి యంత్రములో లేనిచో ‘రైతు’ అను మాటకు బదులు డాలరు గుర్తులు, చుక్కలు, ఫ్రెంచివారి అక్షరములు కనుపించెడివి.

దీనికి విరుగుడు యూనికోడు. ప్రపంచమందలి లిపులన్నిటికిని తలకొక స్థలము కొలిచి ఇచ్చిన సర్వే అనుకొనవచ్చును. 1991లో వెలువడిన దాని మొదటి ప్రతిలోనే తెలుగునకు 128 స్థానములు కేటాయింపబడినవి. అయితే కేటాయించిన పొలమునకు నీరు పారుటకు పదేండ్లు పట్టినది. 2001లో వచ్చిన విండోస్ ఎక్స్‌పీలో గౌతమి అను తెలుగు ఫాంటు చేర్చినారు. అదియు దానంతట అది పనిచేయదు. కంట్రోల్ ప్యానెల్ తెరచి, ఒక గడిలో గుర్తు పెట్టి, అడిగినప్పుడు సీడీ వేసినగాని అక్షరములు సరిగా కూడుకొనెడివి కావు. ఆ సీడీ మా కార్యాలయములో ఎవరివద్ద నున్నదో చివరివరకు తేలలేదు. మరియొక ప్రక్క కొందరు తెలుగువారు జీతము లేని సేవ చేసినారు. తిరుమల కృష్ణ దేశికాచార్యులుగారు పోతన, వేమన ఫాంట్లను ఇచ్చినారు. 2003 డిసెంబరులో తెలుగు వికీపీడియాకు నారు పోసిన నాగార్జున వెన్నగారే పాత ఫాంట్ల వేషము విప్పి యూనికోడుగా మార్చు ‘పద్మ’ అను పనిముట్టును కూడ తయారు చేసినారు. ఇంగ్లీషు మీటలు నొక్కి తెలుగు వ్రాయు ‘లేఖిని’ని వీవెన్‌గారు అందించినారు. నేను తెలుగు టైపు నేర్చుకొన్నది దానిమీదనే.

ఇంత జరిగినను డీటీపీ బల్లలమీద పాత ఫాంట్లు చావలేదు. అచ్చుకు అవి సరిపోవును గనుక వారికి మార్చవలసిన అవసరము లేదు. కార్యాలయపు పత్రము వారివద్ద కూర్పబడి వచ్చును. ఆ కూర్పును తెచ్చి వెబ్‌పుటలో అతికించినచో గజిబిజి పుట్టును. అప్పుడు గుమాస్తాకు తోచు దారి ఒక్కటే, ఫొటో తీసి పెట్టుట. నేను చేసినదియు అదే.

తెలుగు లిపి యంత్రములను పెట్టిన తిప్పలలో ఒక వింత ఇచ్చట చెప్పకుండ ఉండలేను. 2018 ఫిబ్రవరిలో ‘జ్ఞా’ అను ఒక్క అక్షరము ప్రపంచమంతట ఐఫోనులను పడగొట్టినది. ఆ అక్షరము గల సందేశము వచ్చినంతనే ఆ సందేశముల యాప్ మూతబడి, మరల తెరచుకొనెడిది కాదు. మన కంటికి అది ఒక్క అక్షరము. యంత్రము లెక్కలో జకారము, పొల్లు, ఞకారము, దీర్ఘము, వీని నడుమ కంటికి కనబడని ఒక విడదీయు గుర్తు, వెరసి ఐదు ముక్కలు. ఈ ఐదింటిని కూర్చుటలో ఆపిల్ కంపెనీవారి యంత్రము తికమకపడినది. మామూలుగా ‘జ్ఞానము’ అని వ్రాసినవారికి ఆ కనబడని గుర్తు పడదు గనుక ప్రమాదము లేదు; ఆకతాయిలు మాత్రము దానిని కావలెనని పంపి వినోదించినారు. ఫిబ్రవరి 19న కంపెనీవారు సవరణ పంపినారు. ఆ నాలుగు రోజులు మా అమ్మాయి, “బాబాయ్, మన అక్షరం దెబ్బకు అమెరికా వాళ్ళ ఫోన్లు పడిపోతున్నాయి” అని ఒకటే నవ్వు.

నవ్వుకొన్నను, ఈ ముక్కల లెక్క మనకు ప్రతిదినము తగులునదే. ఫోనులకు పంపు ఎస్సెమ్మెస్ సందేశమొకటి ఇంగ్లీషులో 160 అక్షరములు పట్టును. తెలుగులో వ్రాసినచో 70 మాత్రమే. ఆ 70 కూడ ముక్కల లెక్కయే. ‘క్షేత్రము’ అను మాట కంటికి మూడక్షరములు. లెక్కకు తొమ్మిది ముక్కలు. కావున ఒక సందేశములో పది మాటలు పట్టుట కష్టము. మించినచో సందేశము తునకలై, ప్రతి తునకకు వేరుగా పైకము లెక్క కట్టబడును. ఈ ఖర్చు తప్పించుటకు మా సందేశములను పంపు ఏర్పాటులో 70 దాటినచో కత్తిరించునట్లు ఎవరో అమర్చినారు. మాకు తెలియదు. ఒకనాడు ‘రైతు సోదరులకు నమస్కారములు’ అని మర్యాదగా మొదలిడి వ్రాసిన సందేశము ‘లీటరు నీటికి 5’ అన్నచోట తెగి, కొన్ని వందలమందికి చేరినది. గ్రాములా, మిల్లీలీటర్లా? ఆ సాయంత్రము నాకు వచ్చిన ఫోనులకు లెక్క లేదు. ఫోను చేయని వారిని గూర్చియే నాకు రాత్రి నిద్ర పట్టలేదు. అప్పటినుండి నమస్కారము మాని, మందు పేరు, మోతాదు, కొలత మొదట వ్రాయుట అలవాటు చేసికొంటిని. కొందరు పెద్దలు దీనిని మర్యాద తక్కువగా భావించినారు. భావింపనిండు.

ఇంతకంటె నన్ను బాధించు విషయము మరియొకటి కలదు. సలహా దొరకకపోవుట ఒక నష్టము. కాలము చెల్లిన సలహా దొరకుట అంతకు మించిన నష్టము. 2015లో వరిలో ఉల్లికోడు నివారణను గూర్చి ఒక పుట సైటులో పెట్టితిని. ఈసారి ఫొటో పెట్టలేదు. ఓపిక యుండిన నాడు గనుక చక్కగా తెలుగు అక్షరములలోనే టైపు చేసితిని. అందుచేతనే అది వెదకినవారికి వెంటనే దొరకెడిది. అందులో ఫోరేటు గుళికలు చల్లుమని యున్నది. ఆనాటికది చెల్లుబాటైన సలహాయే. తరువాత 2018 ఆగస్టులో కేంద్ర ప్రభుత్వము 18 పురుగుమందులపై ఉత్తర్వు వెలువరించినది. మిథైల్ పెరాథియాన్, కార్బరిల్ మొదలైన 12 మందులు వెంటనే నిషేధింపబడినవి. ఫోరేటు, డైక్లోర్వాస్, ఫాస్ఫామిడాన్, ట్రైజోఫాస్ మొదలైన ఆరింటి అమ్మకము, వాడకము 2020 డిసెంబరు 31 నుండి నిలిపివేయబడినవి. ఉత్తర్వు నా బల్లమీదికి వచ్చినది. దుకాణదారులకు నోటీసులు పంపితిమి. నిలువ సరకు తనిఖీ చేసితిమి. నా వెబ్‌పుట సంగతి మాత్రము నాకు తట్టనే లేదు.

2021లో ఒక యువరైతు ఆ పుటను ఫోనులో చూపి, ఈ గుళికలు ఏ దుకాణములోను ఇచ్చుట లేదేమని అడిగినాడు. అది పాత పుట బాబూ, అన్నాను.

“పాతది ఎట్లయితది సార్? పైన ఇయ్యాల్టి తేదీ ఉన్నది గదా!”

చూచితిని. ఉన్నది. సైటు కట్టినవారు అలంకారముకొరకు ప్రతి పుట నెత్తిమీద తేదీ చూపు ఏర్పాటొకటి పెట్టినారు. పుట ఏనాడు వ్రాసినదో దానికి అక్కరలేదు. చూచువాని ఫోనులోని గడియారమును చూచి ఆనాటి తేదీని చెప్పును. అనగా ఆరేండ్ల నాటి నా సలహా ప్రతి ఉదయము స్నానముచేసి క్రొత్త బట్టలు కట్టుకొని నిలుచున్నది. అది చాలదన్నట్లు ఆ పుట పేరు ప్రక్కన ‘కొత్త’ అని మినుకుమినుకుమను ఎర్రబొమ్మ. 2015లో దానిని పెట్టినది నేనే. తీయుటకు ఎవరికిని గుర్తులేదు. ఇట్టి మినుకుబొమ్మలు, ప్రక్కకు పరుగెత్తు అక్షరముల వరుసలు, వచ్చినవారి సంఖ్యను త్రిప్పు మీటరు మన కార్యాలయముల సైట్లలో నేటికిని కనబడుచునే యున్నవి. పరుగెత్తు అక్షరములను వ్రేలితో నొక్కబోయి రెండుమూడు సార్లు తప్పిపోయినవారికి నేను చెప్పునది అర్థమగును.

పుటను చెరిపివేయుమని నా సహోద్యోగి ఒకరు సలహా ఇచ్చినారు. నేను ఒప్పుకొనలేదు. ఈ విషయములో భిన్నాభిప్రాయములుండవచ్చును. నా వాదము వినవలెనని కోరుచున్నాను. ఆ పుట చిరునామా అప్పటికే ఎన్నో వాట్సాప్ గ్రూపులలో తిరిగియున్నది. పుటను చెరిపినచో లింకు నొక్కినవానికి పుట లేదను ఇంగ్లీషు మాటలు, 404 అను అంకె కనుపించును. వాడు సైటు చెడినదనుకొని, తనవద్ద దాచుకొన్న పాత ఫొటోనే నమ్మును. అట్లుగాక అదే చిరునామాలో, మొదటి పంక్తిలో, ‘ఫోరేటు వాడకము 2020 డిసెంబరు 31 నుండి నిషేధింపబడినది, ఈ పుటలోని సలహా 2015 నాటిది’ అని పెద్ద అక్షరములలో వ్రాసినచో, పాత లింకు పట్టుకొని వచ్చిన ప్రతివాడును హెచ్చరిక చదివియే పోవును. తప్పుడు సలహా ఎచ్చట నిలుచున్నదో హెచ్చరిక కూడ అచ్చటనే నిలువవలెను గదా. పుట ఎప్పుడు వ్రాసినది, ఎప్పుడు సరిచూచినది అను రెండు తేదీలు వేసి, నెత్తిమీద నటించు తేదీని తీసివేయించితిని. దీనికి సైటు కట్టినవారికి నాలుగు ఉత్తరములు వ్రాయవలసివచ్చినది.

చిరునామాలను గూర్చి ఇంకొక మాట. సైటు కట్టు కాంట్రాక్టు మారినప్పుడెల్లను పుటల చిరునామాలన్నియు మారుచున్నవి. క్రొత్తవారు క్రొత్త రంగులు వేసి, పాత పుటలను వేరొకచోటికి జరిపి, పోయిన దారిలో గుర్తు కూడ పెట్టకుండ వదలుచున్నారు. ఊరిలో బడి గాని ఆసుపత్రి గాని వేరొక వీధికి మారినచో పాత తలుపుమీద ఒక చీటీ అంటింతుము. ఆ మాత్రపు చీటీ ఇచ్చటను అంటించవచ్చును. పాత చిరునామాకు వచ్చినవానిని క్రొత్తదానికి పంపు ఏర్పాటు ప్రతి సర్వరులోను కలదు. చిరునామాలు మార్చవలసిన పనియే లేదని, మారుటకు కారణము కట్టినవారి ముందుచూపు లేకపోవుటయేనని బెర్నర్స్-లీ 1998లోనే ఒక వ్యాసము వ్రాసినాడు. కాంట్రాక్టు పత్రములో పాత చిరునామాలు నిలుపవలెనను షరతు ఒక్క పంక్తి చేర్చినచో చాలును. నేను చూచిన కాంట్రాక్టు పత్రములలో రంగులను గూర్చి పంక్తులున్నవి, ఆ పంక్తి లేదు.

ఇక పుటల బరువు. తెలుగు అక్షరము ఒక్కొక్క ముక్కకు యంత్రములో మూడు బైట్ల స్థలము పట్టును. ఇంగ్లీషు అక్షరమునకు ఒక్కటే. దీనిని చూచి తెలుగు బరువైన భాష అని ఒక ఇంజనీరు నాతో వాదించినాడు. లెక్క వేసి చూపితిని. రెండువేల ముక్కల సలహాపత్రమునకు ఆరువేల బైట్లు. దాని పైన పెట్టిన ప్రారంభోత్సవపు ఫొటో, ఫోనుతో తీసినది తీసినట్లే ఎక్కించినందున, ముప్పది లక్షల బైట్లు. అనగా ఒక్క ఫొటో బరువులో ఐదువందల సలహాపత్రములు సరిపోవును. పొలము గట్టుమీద సిగ్నలు ఒక్క గీత చూపుచోట మొదట దిగునది ఏది? కొబ్బరికాయ కొట్టుచున్న అధికారుల ఫొటో. రైతు అది దిగువరకు ఆగి, విసిగి, వీడియోలవైపు పోవుచున్నాడు.

వార్తల సైట్లలో మరియొక బాధ కలదు. టమాటా ధర చూతమని తెరచి, కావలసిన వార్తమీద వ్రేలు పెట్టబోవుసరికి పుట క్రిందికి జారి, ఆ స్థలములోనికి ప్రకటన వచ్చి నిలుచును. వ్రేలు ప్రకటనమీద పడును. ఇది బొమ్మకు ఎంత స్థలము కావలెనో ముందుగా చెప్పకపోవుటవలన వచ్చు తంటాయని అమ్మాయి చెప్పినది. బొమ్మ వెడల్పు, ఎత్తు అను రెండు అంకెలు ముందుగా వ్రాసినచో స్థలము ఖాళీగా ఉంచబడి, పుట జారదు. నాట్లకు ముందు సాళ్ళు గీసినట్లన్నమాట. పత్రికలవారు ప్రకటనలమీద బ్రతుకుచున్నారు గనుక వారిని పూర్తిగా తప్పుపట్టను. ధర ఎంతో చెప్పకుండ ‘ఈ ధర వింటే ఆశ్చర్యపోతారు’ అని శీర్షిక పెట్టుటను మాత్రము క్షమింపలేను. ధర తెలిసికొని బండి కట్టవలసిన మనిషికి ఆశ్చర్యముతో పని యేమి? మన శాఖకు ప్రకటనలు లేవు. అయినను మా పాత పుటలు జారుచునే యుండెడివి.

దరఖాస్తు ఫారములను గూర్చి వ్రాసినచో మరియొక వ్యాసమగును. ఒక్కటి మాత్రము చెప్పెదను. ఫారము తయారుచేయువారు మొదటి పేరు, చివరి పేరు అని రెండు గళ్ళు పెట్టుదురు. మనకు ఇంటిపేరు ముందు వచ్చును. ఒక చోట ఇంటిపేరు మొదటి గడిలో, మరియొక చోట చివరి గడిలో పడును. ఇంగ్లీషులో లక్ష్మి అను పేరును ఒక గుమాస్తా కె, ఎస్, హెచ్ అక్షరములతోను, ఇంకొక గుమాస్తా ఎక్స్ అక్షరముతోను వ్రాయును. యంత్రము దృష్టిలో వీరు ఇద్దరు మనుష్యులు. పీఎం కిసాన్ పథకము క్రింద ఏటా వచ్చు ఆరువేల రూపాయలు ఈ ఎక్స్ అక్షరముదగ్గర ఆగి, ఒక వృద్ధురాలు నా కార్యాలయము చుట్టు మూడు నెలలు తిరిగినది. భూమి ఆమెదే, ఆధారు ఆమెదే, బ్యాంకు ఖాతా ఆమెదే. “నా పేరు నాకు తెల్వదా బిడ్డా?” అని ఆమె అడిగిన ప్రశ్నకు ఫారములో గడి లేదు.

ఇవన్నియు వినిన పై అధికారులు సాధారణముగా అడుగు ప్రశ్న, ‘దీనికి మనుష్యులేరీ?’ అని. ప్రశ్న సహేతుకమైనదే. నేను కోరునది ఎక్కువ కాదు. సలహాపత్రమును మొదటనే యూనికోడులో టైపు చేయవలెను. సంతకము పెట్టిన కాగితము దస్త్రములో నుండుగాక. రైతుకు ముద్రతో పని లేదు. జిల్లాకొక్క ఉద్యోగికి ఈ పని బాధ్యతగా ఉత్తర్వులో వ్రాసి అప్పగించవలెను. ఓపికగలవాడు దొరకినప్పుడు చేయించుట చాలదు. నావలె బదిలీ అయి పోయినచో సైటు అనాథ యగును. మందులపై నిషేధపు ఉత్తర్వు వచ్చిన నాడు దుకాణములను తనిఖీ చేసినట్లే, ఆ మందు పేరు కొట్టి మన పుటలన్నిటిని కూడ తనిఖీ చేయవలెను. అక్షరములలో వ్రాసినచో ఈ తనిఖీ అరగంట పని. ఫొటోలలో నున్నచో ఒక్కొక్క కాగితమును కళ్ళద్దములు పెట్టుకొని చదువుకొనవలసినదే.

కత్తెర పురుగు పత్రమును నేను ఆ రాత్రియే ఇంటివద్ద కూర్చుండి లేఖినిలో టైపు చేసితిని. రెండు గంటలు పట్టినది. పురుగు పేరు, పంట పేరు శీర్షికలోనే వచ్చునట్లు వ్రాసి, నాలుగు చుక్కల ఫొటో క్రింద అందులో ఏమి కనుపించుచున్నదో మాటలలో కూడ వ్రాసితిని. మూడు వారముల తరువాత ఆ టానిక్కు రైతే ఫోను చేసినాడు. వెదకినచో ఇప్పుడు మా పుట మూడవదిగా వచ్చుచున్నదట. పైన రెండు వీడియోలేనట. “అన్నీ సదివిన సార్, మంచిగున్నది. ఆ చుక్కల ఫొటో ఒక్కటి తెరుసుకుంట లేదు, తిరుగుతనే ఉన్నది” అన్నాడు. చూచితిని. తొందరలో ఆ ఫొటోను తీసినది తీసినట్లే ఎక్కించియుంటిని. దానిని తగ్గించి మరల పెట్టితిని.